అడిగితే ఇవ్వని తీగ

నిన్న సాయంత్రం ఎదురింట్లో కొత్తగా అద్దెకు దిగిన లెక్కల మాస్టారు మా గేటు దగ్గర నిలబడి, "మీ మనీ ప్లాంట్ ముక్క ఒకటి ఇస్తారాండీ?" అని అడిగారు. వెంటనే మా పాత పక్కింటి పిన్నిగారు గుర్తొచ్చారు. గుర్తొచ్చారనడం తప్పు. మర్చిపోతే కదా.

మేము బ్రాడీపేటలో ఈ ఇంట్లోకి వచ్చిన కొత్తలో, ఆవిడ గోడ నిండా మనీ ప్లాంట్ ఉండేది. కుండీలో తమలపాకంత ఉండే ఆకు, గోడ పట్టుకున్నాక విస్తరాకంత అయింది. ఆకుపచ్చ మీద పసుపు, తెలుపు, ఎవరో సున్నం బ్రష్ విదిలించినట్టు. దానికెదురుగా మా గోడ, పెచ్చులూడి, మిరప కల్లంలా కాలుతుండేది. మా ఇంటికొచ్చిన చుట్టాలు కూడా మా వరండాలో కూర్చుని ఆవిడ గోడనే మెచ్చుకునేవారు. ఉండబట్టలేక, "పిన్నిగారూ, ఓ ముక్క ఇప్పించండి" అన్నాను. "అడిగితే ఇవ్వకూడదు నాయనా, లక్ష్మి వెళ్లిపోతుంది" అన్నారు. రోజూ మా కరివేపాకు కోసుకెళ్లే మనిషి! నర్సరీలో మొక్క కొని తెచ్చాను. అది రెండాకులు వేసి అలిగింది.

ఆ తర్వాత ఆవిడ ధోరణి వింతగా మారింది. కణుపులతో కోసిన తీగ ప్రహరీ మీద పెట్టి, నా వంక చూసి, గట్టిగా దగ్గి లోపలికి వెళ్లేవారు. నేను మర్యాదస్తుణ్ణి. తీగ పట్టుకెళ్లి తలుపు కొట్టి, "మీది గోడ మీదుండిపోయిందండి" అని ఇచ్చొచ్చేవాణ్ణి. చివరికి ఓ రోజు ఆవిడ నాకు వినబడేలాగే మా ఆవిడతో అన్నారు:

"మనీ ప్లాంట్ దొంగిలిస్తేనే అచ్చొస్తుందని ఊరందరికీ తెలుసు. మీ ఆయనకి ఆ మాత్రం దొంగతనం కూడా చేతకాదేంటమ్మా?"

"చేతకాదండీ" అని ఒప్పేసుకుంది మా ఆవిడ.

ఆ వానాకాలం నా మొక్క హఠాత్తుగా గోడెక్కింది. నా పెంపకమేనని వీధంతా చెప్పుకున్నాను. పిన్నిగారు ఇల్లు ఖాళీ చేసి మంగళగిరి వెళ్లేరోజు, ఆటో ఎక్కబోతూ మా గోడ చూసి, "అచ్చొచ్చిందే అమ్మాయ్" అని మా ఆవిడ బుగ్గ నిమిరారు. కుండీలో నా మొక్కని తీసేసి మా ఆవిడ ఎవరి తీగ తెచ్చి గుచ్చిందో అప్పుడు తెలిసింది. ఇద్దరితోనూ వారం మాట్లాడలేదు. ఒకరు మంగళగిరిలో ఉన్నారు కాబట్టి ఆవిడకి తెలియలేదు.

నిన్న మాస్టారితో, "అడిగితే ఇవ్వకూడదండీ" అన్నాను. ఈ పొద్దున ఓ తీగ కోసి గేటు పక్క గోడ మీద పెట్టి, గట్టిగా దగ్గి లోపలికొచ్చాను. కాసేపటికి బెల్లు మోగింది. గుమ్మంలో మాస్టారు, చేతిలో తీగ.

"మీది అక్కడే మర్చిపోయారండీ."

ఆయన వెళ్లాక, "కంగారెందుకు, మాస్టారికి పెళ్లయిందిగా" అంది మా ఆవిడ, వంటింట్లోంచి.

గోడకి ఆ పక్కన అడుగుతూ నిలబడ్డవాణ్ణి ఈ పక్కన దగ్గుతూ నిలబెట్టడానికి కాలానికి ఇన్నేళ్లు పట్టింది. అయినా పిన్నిగారి ఆ 'చేతకాదు' మాట మాత్రం నేను మర్చిపోలేదు.