లస్కరు తాత వేసిన చదువు వంతులు

కాలువ మీద ముప్పయ్యొక్క సంవత్సరాలు లస్కరుగా పనిచేసి విశ్రాంతి పొందిన జగన్నాధానికి లోకంలో విడిపోని చిక్కంటూ కనిపించదు. దేనికైనా వంతు వేస్తే చాలునని ఆయన దృఢ విశ్వాసం. తూము తలుపు ఎప్పుడు ఎత్తాలో, ఏ మడికి ఎన్ని గంటలు నీరు విడవాలో నిర్ణయించిన చేతులు ఆయనవి. కొలువు ముగిసి నాలుగేళ్లయినా, పొద్దున ఇంట్లో ఎవరు ముందు స్నానం చేయాలో, ఎవరు వెనుక చేయాలో నేటికీ ఆయనే శాసిస్తాడు. పాతపట్నం దాపున ఉన్న ఆ పల్లెలో ఆయన అందరికీ లస్కరు మావ. మనుమరాలు శ్రావణికి లస్కరు తాత.

అటువంటి మనిషి ఎదుట, నర్సింగు ప్రవేశ పరీక్షకు సరిగ్గా నలభైరెండు రోజులున్న ఒక ఉదయాన, శ్రావణి అయిదు పుస్తకాలు ముందేసుకొని ఏది ముందు పట్టాలో తెలియక కూర్చుంది. జగన్నాధానికి అది దేవుడి పిలుపుగా తోచింది.

నిరుడు ఆరంటే ఆరు మార్కులతో ఆ పిల్లకు సీటు తప్పిపోయింది. జీవశాస్త్రంలో మెరిసింది గాని, ఫిజిక్సులో ఇరవైకి మూడే వచ్చాయి. ఈ యేడూ తప్పితే మందుల కంపెనీలో మాత్రలు డబ్బాలకెత్తే పనిలో చేర్చడానికి మేనమామ వినోద్ అప్పుడే మాట ఇచ్చేసి వచ్చాడు. శ్రావణి మనసు మాత్రం రోగి పక్కన నిలబడే పనిమీదే ఉంది. నానమ్మ దాలమ్మకు రోజూ ఇన్సులిన్ సూది వేసేది ఆమే.

"దీని సెయ్యి దూదే అనుకో," అని దాలమ్మ వచ్చినవారందరికీ చెప్పుకొంటుంది. "నా పొట్ట మీదే నేర్సుకున్నాది. దీనికి సీటియ్యక మరెవరికిస్తారు?"

"పరీక్షలో నీ పొట్ట గురించి అడగరు నానమ్మా, ఫిజిక్సు అడుగుతారు," అంది శ్రావణి.

"ఇలగ తే ఆ పుస్తకాలు. వంతేసి ఇస్తాను," అన్నాడు జగన్నాధం.

తలస్నానం చేసి, అరసవిల్లి స్వామిని తలచుకొని తూర్పుకు దండం పెట్టి, ఎరువుల కొట్టువాడిచ్చిన కేలండరు వెనకవైపుకు తిప్పి దానికి నాలుగు మూలలా కుంకుమ బొట్లు పెట్టాడు. నడుమ నిలువుగా ఒక కాలువ గీశాడు. దాని వెంబడి మడులు: ఎగువన వృక్షశాస్త్రం, దాని కింద జంతుశాస్త్రం, పిదప రసాయనశాస్త్రం, ఇంగ్లీషు, చిట్టచివర శివారున ఫిజిక్సు. అట్టడుగున ఎర్ర పెన్సిలుతో ఒక శాసనం లిఖించాడు: పై మడి నిండనిదే కింది మడికి నీరు విడువరాదు.

"ఫిజిక్సు అంత కిందకి పెట్టేసినావేటి తాతా?"

"అది రాతి నేలే పిల్లా. ముందు దానికొగ్గితే నీరంతా తాగేసి, మొలక కూడా సూపించదు. మంచి మడులు నిండనీ. మిగిలింది దానికి పోతాది."

శ్రావణి వృక్షశాస్త్రం పుస్తకం తెరిచింది. భయపడినదాన్ని తప్పించుకొనేందుకు మనం వెతికే దారికి పెద్దల ఆశీర్వచనం కూడా లభిస్తే కాదనేవారెవరు?

సాయంకాలం దీపం పెట్టే వేళకు తాత గోడ దగ్గర నిలబడి అడిగేవాడు: "మడి నిండిందేటే?"

"ఇంకా కొంచెం ఉన్నాది తాతా. గుండె అయ్యింది, మూత్రపిండం ఉన్నాది."

మూత్రపిండం అయ్యాక కన్ను, కన్ను అయ్యాక చెవి వచ్చాయి. మనిషి దేహంలో భగవంతుడు ఇన్ని అవయవాలు అమర్చాడని జగన్నాధానికి అప్పుడే తెలిసింది. అయినా నియమం నియమమే. చదివినంత మేర నీలి పెన్సిలుతో నింపుతూ పోయాడు. ఇరవై మూడు రోజులు గడిచేసరికి కేలండరు పైసగం వర్షాకాలపు కాలువలా కళకళలాడింది.

ఆనాడు లక్ష్ముడు వచ్చాడు. కాలువ చిట్టచివర ముప్పాతిక ఎకరం మడి అతనిది. నీళ్లెప్పుడు వదులుతారో కొత్త లస్కరును అడగకుండా పాత లస్కరునే అడగడం అతని అలవాటు. మజ్జిగ తాగుతూ గోడవైపు చూసి, గ్లాసు కింద పెట్టేశాడు.

"ఈ కాలవ నాకు తెలుసు మావా."

"కాలవ కాదురా, సదువు."

"కాలవే! ఇదిగో, కింద మూలని తెల్లగా ఎండిపోయి ఉన్నాదే, ఇది నా మడే. ముప్పయ్యేళ్లు నన్ను ఇలగే ఎండబెట్టినావు. ఇప్పుడీ గుంటని, నీ మనవరాల్ని ఎండబెడతన్నావు."

"నోర్ముయ్యరా! పై మడి నిండితే దానంతటదే కిందకి దిగుతాది."

"పై మడోడు ఏనాడైనా సాలన్నాడేటి మావా? నీ సర్వీసులో ఒక్కడంటే ఒక్కడు 'నాకు నిండిపోయింది, ఇంక లక్ష్ముడికి ఒగ్గు' అన్నాడేటి?"

శ్రావణి లేచివచ్చి కేలండరు ముందువైపుకు తిప్పి వేలితో రోజులు లెక్కపెట్టింది.

"తాతా, పంతొమ్మిది రోజులే ఉన్నాయి. ఫిజిక్సు ఒక్క పాఠం తెరవనేదు."

ఆ సాయంకాలం జగన్నాధం సంధ్యాదీపం ముందు కూర్చున్నా పెదవులు నామాలు పలుకుతున్నాయే గాని, మనసు కాలువ గట్టు వెంట శివారు దాకా నడిచి వస్తోంది. పూజ ముగించి లేచి, కేలండరు మేకునుండి తీసి, తలకిందులుగా తగిలించాడు. ఇప్పుడు ఫిజిక్సు అన్నిటికీ పైన ఉంది. అక్షరాలు తల్లకిందులైతేనేమి, న్యాయం నిటారుగా నిలిచింది.

అంతటితో ఊరుకోలేదు. పదవీ విరమణ నాడు తిరిగి అప్పగించడం మరచిన తూము గొలుసూ తాళమూ వెలికితీసి, జీవశాస్త్ర పుస్తకాలను పెట్టెలో పెట్టి బంధించాడు. తాళంచెవి మొలతాడుకు చేరింది. నాలుగో రోజుకే దొంగనీరు పారుతోందని ఆయనకు అనుమానం కలిగింది. లెక్కలు చేయవలసిన పిల్ల ముఖంలో అంత ఆనందం దేనికి?

"దాలమ్మా, ఒకసారి లెగు."

"నేను లెగనేను. మోకాళ్లు."

"పొద్దున్న పెరట్లో కోడిని తరిమినప్పుడు నేవేటి మోకాళ్లు?"

దాలమ్మ లేచింది. ఆమె కూర్చున్న బొంత కింద జంతుశాస్త్రం నోట్సు వెచ్చగా ఉంది.

"సదువుకునే పుస్తకం మీద కూకోడం పాపం కాదేటే?" అన్నాడు జగన్నాధం.

"దాసడం పుణ్యం," అంది దాలమ్మ.

ఆనాటి నుంచి ఆయన మనుమరాలి పక్కనే పీట వేసుకొని కూర్చున్నాడు. సూత్రాలు ఆయనకు తెలియవు, కాపలా తెలుసు. ఒకరోజు గొట్టం ఇరుకైన చోట ద్రవం వేగం ఎందుకు పెరుగుతుందన్న లెక్క దగ్గర శ్రావణి పెన్ను విసిరేయబోయింది. ఆయన బొమ్మకేసి వంగి చూశాడు.

"ఇది మన తూమే కదే! కాలవలో నెమ్మదిగొచ్చిన నీరు తూములోకొచ్చేసరికి ఉరకదేటి? ఎనకనించి అంత నీరూ తోస్తాది, దారి సన్నం. పరిగెట్టక ఏటి సేస్తాది?"

శ్రావణి కాసేపు తాతనూ, కాసేపు పుస్తకాన్నీ చూసింది. తరువాత లెక్క తనంతట తానే చేసింది. ఆ పంతొమ్మిది రోజుల్లో ఫిజిక్సు ఆమెకు ప్రియమైపోయిందని చెప్పలేము. పగ మాత్రం తగ్గింది.

ఫలితాలు వచ్చిన నాడు ఫిజిక్సులో ఇరవైకి పన్నెండు. విజయనగరంలో సీటు. దాలమ్మ చుట్టుపక్కల వారికి బెల్లం పంచి, తన వాటా కూడా నోట్లో వేసుకోబోయి మనుమరాలి చేతికి చిక్కింది.

లక్ష్ముడు గుమ్మంలో నిలబడి, "శివారుకి నీరొస్తే ఏటవుతాదో సూసినావా మావా?" అన్నాడు.

జగన్నాధం తల వంచుకొన్నాడు. "నీ మడి తడిసిందని ప్రతి యేడూ పై ఆఫీసర్లకి సెప్పాన్రా. తడవనేదు."

"నాకు తెల్దేటి మావా? నా మడే కదా."

మరునాడే కాలువకు నీరు వచ్చింది. జగన్నాధం గొలుసూ తాళమూ ఒక చేత, చుట్టిన కేలండరు మరొక చేత పట్టుకొని తూము దగ్గరకు నడిచాడు. కొత్త లస్కరు శివాజీ ఆ కేలండరు విప్పి, అటు తిప్పి ఇటు తిప్పి చూశాడు.

"ఇదేటి తాతా? అన్నిటికన్నా ముందు ఫిజిక్సుకి నీరొగ్గాలా?"

"అది లక్ష్ముడి మడిరా," అన్నాడు జగన్నాధం. "ముందు దానికొగ్గు. పై మడోళ్లు అడిగితే, లస్కరు మావ వంతు మార్సినాడని సెప్పు."

చెప్పి, తలుపు ఎత్తేదాకా అక్కడే నిలబడ్డాడు.