పెళ్లి పీటలకు ముందు చిల్లుల బల్ల

మా అక్క కూతురి పూలుపండ్ల రోజు, అంటే పెళ్లి ఖాయం చేసుకున్న నాడు, ఎల్లారెడ్డి దగ్గర వాళ్ల ఊళ్లో, నిండు వాకిట్లో నేను నోరు జారాను. మా నాయన బతికుండగా మనవరాలి పెళ్లి పీటలకని రెండు టేకు చెక్కలు దాచిపోయాడు. అవి అక్క వాళ్ల అటక మీదే ఉన్నాయి. మాలో పీటలు ఊరి వడ్రంగి, మా మాటలో వడ్లాయన, చేస్తాడు. చేసినవాడికి పందిట్లో కొత్త ధోవతి, తువ్వాల పెడతారు. ఆ వడ్రంగి అప్పటికే వచ్చి అరుగు చివర కూర్చున్నాడు. ఆయన అక్కడ ఉండగానే నేను లేచి, మేనమామను నేనుండగా ఇంకొకరెందుకు, పీటలు నేనే చేస్తానని ప్రకటించాను. చుట్టాలంతా మెచ్చుకున్నారు. అక్క మాత్రం కాసేపు నా ముఖం చూసి, సరే తమ్మీ అంది.

నేను కామారెడ్డిలో కాలేజీ పిల్లలకు లెక్కలు చెప్తాను. వడ్రంగం నేర్చుకున్నది ఫోనులో. అప్పటికి నా చేతుల మీదుగా లోకానికి అందినవి రెండు: ఒక పక్కకు ఒరిగే చెప్పుల స్టాండు, మూత పడని పోపుల పెట్టె. ఆ ధైర్యంతోనే నాయన చెక్కల్ని బస్సులో సీట్ల మధ్య పడుకోబెట్టి, కండక్టరుతో మాటలు పడుతూ ఇంటికి తెచ్చాను.

పెళ్లికి ఇంకా మూడు నెలలుంది. చేతిలో ఉలి ఉంది, చెక్క ఉంది. ఇక మొదలుపెట్టడమే అనుకునే వేళకు నాకు బల్ల లేదని గుర్తొచ్చింది. వీడియోల్లో తెల్లాయన ఒకడు చిల్లుల బల్ల ముందు నిలబడి పనిచేస్తాడు. బల్లంతా వరసగా గుండ్రటి చిల్లులు. వాటిలో గూటాలు దించి, మధ్యన చెక్కను బిగిస్తాడు. చెక్క ఇటు నుంచి అటు కదలదు. అది లేకుండా పనిచేసేవాళ్లంతా నాకు అడవి మనుషుల్లా కనిపించారు.

ఇక ఎంపిక. చిల్లు ఇరవై మిల్లీమీటర్లా, పంతొమ్మిదా? చిల్లుకూ చిల్లుకూ మధ్య తొంభై ఆరా, వందా? బల్ల నిండా ఉండాలా, అంచులకు చాలా? ప్లైవుడ్డా, పొట్టును అదిమి చేసే ఎండీఎఫ్ పలకా? ఒక నోటుబుక్కు నిండిపోయింది. ఆ ఏడాది పర్మ్యుటేషన్ల పాఠం కూడా పిల్లలకు చిల్లులతోనే చెప్పాను. ప్లైవుడ్ దుకాణాయన స్క్రూడ్రైవర్లు తగిలించుకునే సన్నచిల్లుల అట్ట తెచ్చి చూపిస్తే, అది కాదని అరగంట వివరించాను. ఆయన ఓపికగా విని, చిల్లుల్లేనిదైతే ఈ పూటే ఇస్తానన్నాడు. ఆయన అజ్ఞానానికి జాలిపడి వచ్చేశాను. ఇడ్లీ రేకుకు చిల్లులుంటే చాలదు, పిండి కూడా రుబ్బాలని మా ఆవిడ అంది. ఆమె మీద కూడా జాలిపడ్డాను.

చివరికి మిషనుతో చిల్లులు కొట్టిన ఎండీఎఫ్ పలక హైదరాబాదు నుంచి దసరాకు రెండు రోజుల ముందు దిగింది. చిల్లులు ఎంత నునుపంటే, వేలు పెట్టి తిప్పుతూ ఒక పూటంతా గడిపాను. నోటుబుక్కులో పద్దెనిమిది అంశాలు పోల్చి దీన్ని ఎంచాను. నీళ్లు అనే అంశం మాత్రం ఆ పద్దెనిమిదిలో లేదు.

దసరాకు పనిముట్లను కడిగి పూజ చేయందే ముట్టుకునే అలవాటు మా ఇంట్లో లేదు. నాగలిని కడిగాం, ట్రాక్టరును కడుగుతున్నాం. బల్లను కూడా నేనే బకెట్టు పెట్టి కడిగాను. గూటాలన్నీ చిల్లుల్లో నిలబెట్టి ఒక్కోదానికి పసుపు రాసి బొట్టు పెట్టాను. నడిమధ్యన కొబ్బరికాయ కొట్టాను. నీళ్లు చిల్లుల్లోకి చక్కగా దిగాయి. మూడోనాటికి పలక చాయ్‌లో ముంచిన రొట్టెలా ఉబ్బింది, గూటాలు ఎక్కడివక్కడ బిగుసుకున్నాయి. మూడు వారాలు డాబా మీద ఎండబెడితే ఉబ్బు తగ్గలేదు, పైగా వంకర వచ్చింది. ఆడలేక మద్దెల ఓడన్నట్టు పలక చేసినవాణ్ని, జిగురును, వాతావరణాన్ని తిట్టాను.

పెళ్లి వారంలోకి వచ్చింది. అక్క ఫోను చేస్తే, అయిపోవచ్చినయని అబద్ధమాడాను. ఫోను పెట్టేశాక సిగ్గేసింది, అంతకన్నా ఎక్కువ భయమేసింది. చెక్కను నేల మీద పెట్టి రంపం పట్టాను. చెక్క జారి, అంచున లోతుగా గీత పడింది. ఇంకొకటి పడితే నాయన దాచింది చేతికి రాదు. చెక్కలకు దుప్పటి చుట్టి మళ్లీ బస్సెక్కాను.

వడ్రంగి తన రేకుల షెడ్డులో నేల మీద కూర్చుని ఉన్నాడు. దుప్పటి విప్పి, గీతను వేలితో తడిమి, ఇది చెక్కేస్తే పోతదన్నాడు. ఆలస్యానికి కారణంగా బల్ల సంగతంతా చెప్పాను. అన్ని చిల్లులెందుకని అడిగాడు. చెక్క కదలకుండా పట్టుకోవడానికన్నాను. అప్పటికే ఆయన పని మొదలుపెట్టాడు. ఒక కాలి బొటనవేలు చెక్క అంచున నొక్కి, రెండో మడమ ఆనించి చిత్రిక పడుతున్నాడు. చెక్క ఇటు నుంచి అటు కదలలేదు. తలెత్తకుండానే అడిగాడు:

"నీ కాళ్లకేమైంది సారూ?"

చెప్పుకోవడానికి ఏమీ కాలేదు.

సాయంత్రం అయ్యేసరికి పీటలు తయారయ్యాయి. ఈ సంగతి అక్కకు చెప్పొద్దని బతిమాలాను. ఆయన పొట్టు దులుపుకుంటూ, "అక్కనే పూలుపండ్ల నాడు చెప్పిపోయింది. తమ్ముడు చెక్కలు పట్టుకొనొస్తడు, ఆ వారం వేరే పని ఒప్పుకోకని" అన్నాడు. వారం కూడా ముందే లెక్కకట్టింది మా అక్క. లెక్కల సారును నేను. నాకు ఏడుపొచ్చినంత పనైంది.

పెళ్లినాడు పీటల్ని అందరూ తడిమి చూశారు. అక్క వంద మంది ముందు, మా తమ్ముడే చేసిండని చెప్పి ధోవతి, తువ్వాల నా చేతుల్లో పెట్టింది. నా పరువు కోసం ఆమె ఆడిన అబద్ధమది. వడ్రంగి అక్కడే పందిరి గుంజ పక్కన నిలబడి ఉన్నాడు. వాటిని పట్టుకుని నిలబడలేకపోయాను. ఆయన దగ్గరికి వెళ్లి బట్టలు ఆయన చేతిలో పెట్టి, అందరికీ వినపడేలా అన్నాను:

"పీటలు నేను చెయ్యలే. ఈయన చేసిండు."

వెంటనే మా పెద్దనాయన, చూసిన్రా, చేసి కూడా పేరు వడ్లాయనకిస్తున్నడు, ఎంత మంచి మనసో అన్నాడు. చప్పట్లు కొట్టారు. కాదు, నిజంగానే నేను చెయ్యలేదని మళ్లీ నోరు తెరవబోయాను. వడ్రంగి తువ్వాల భుజాన వేసుకుంటూ నాకొక్కడికే వినపడేలా అన్నాడు:

"ఇగ ఊకో సారూ. ఇంకోసారి చెప్తె ఇంకా పెద్దోనివైతవు."