లింగమ్మ కాలు, డాక్టరమ్మ ఒడి

లింగమ్మ తన నొప్పుల గురించి ఎవరికీ చెప్పుకునే మనిషి కాదు. అలాంటిది 2012 ఎండాకాలంలో ఆమె మోకాలి సంగతి మహేశ్వరం పక్కనున్న వాళ్ళ ఊళ్ళో తెలియని గడప లేదు. ఎందుకంటే ఆ మోకాలిని వీడియో తీస్తున్నారు.

ఏళ్ళ తరబడి మక్కచేలల్లో కలుపు తీసిన లింగమ్మ, ఆ చేలు ప్లాట్లయ్యాక, కొత్తూరు దారిలోని ఒక ఫిజియోథెరపీ కాలేజీలో ఆయాగా చేరింది. అక్కడ పాఠాలు చెప్పే ప్రియదర్శిని గుంటూరు వైపు నుంచి వచ్చిన పిల్ల. పుస్తకంలో బొమ్మలు చూసి విద్యార్థులు రోగుల కాళ్ళు ఎటుపడితే అటు తిప్పేస్తున్నారని, వ్యాయామాలు ఎలా చేయించాలో చూపే వీడియోలు తయారు చేయాలనుకుంది. తీసినంత మాత్రాన సరిపోదు. వేరే కాలేజీల నిపుణులు ముగ్గురు చూసి, తప్పులు చెప్పి, అవి దిద్దాక సరేనంటేనే ఆ వీడియో తరగతిలోకి వస్తుంది. ఇద్దరు ఇక్కడివాళ్ళు, ఒకాయన ఐర్లాండులో ఉంటాడు. వీడియోకి నిజంగా బిగుసుకుపోయిన మోకాలు కావాలి. అప్పుడే బకెట్టు పట్టుకుని కుంటుకుంటూ లింగమ్మ ఎదురొచ్చింది.

"నా మోకాలు జూసి పిల్లలు డాక్టర్లయితరట," అని ఆ సాయంత్రమే ఆడబిడ్డ ముత్తమ్మతో చెప్పింది.

"నీ మోకాలుతోని నువ్వే సక్కగ లేస్తలేవు గద వదినె," అంది ముత్తమ్మ. "వీడియో వచ్చినంక చూద్దాం తియ్యి."

ఇక వీడియో రాకపోతే లింగమ్మ ఆ గల్లీలో తలెత్తుకుని తిరగడం కష్టం.

కెమెరా మల్లేశ్వర్‌ది. శంషాబాద్‌లో పెళ్ళిళ్ళు తీసేవాడు. మొదట తీసిన ముక్కలో లింగమ్మ మోకాలి మీద గులాబీరేకులు రాలేలా చేసి తెచ్చాడు. ప్రియదర్శిని వాటిని తీయించేసింది. నెత్తి మీదుగా విమానం పోయినప్పుడల్లా అతను చెయ్యెత్తేవాడు. అందరూ నోరు మూసుకుని, అది దిగేదాకా కప్పు వైపు చూస్తూ కూర్చునేవాళ్ళు.

పని చూస్తే సులువే. లింగమ్మ ఎత్తు బల్ల మీద కూర్చోవాలి. ఎదురుగా చిన్న స్టూలు మీద ప్రియదర్శిని కూర్చుని, ఆమె పాదాన్ని తన ఒడిలో పెట్టుకుని, మోకాలు మెల్లగా చాపించి, కాసేపు ఆపి, దించాలి. అలా పలుమార్లు. తీసి పంపారు.

జవాబు వచ్చింది. ఇక్కడి ఇద్దరూ బాగుందన్నారు. ఐర్లాండు ఆయన రాసింది మాత్రం ప్రియదర్శిని రెండుసార్లు చదువుకుని, తర్వాత తెలుగులో చెప్పింది.

"కాలు దించిన ప్రతిసారీ రోగి వంగి థెరపిస్టును తాకి, ఆ చేతిని కళ్ళకు అద్దుకుంటోంది. ఇది వ్యాయామంలో భాగమా? అయితే ఏ కండరం కోసం?"

మల్లేశ్వర్ వీడియో మళ్ళీ పెట్టాడు. నిజమే. కాలు దిగడం, చెయ్యి రావడం, కళ్ళకద్దుకోవడం. తీసేటప్పుడు ముగ్గురూ అక్కడే ఉన్నారు, ఒక్కరికీ కనపడలేదు. ఇక్కడి నిపుణులకూ కనపడలేదు.

"లింగమ్మగారూ, అలా మొక్కకూడదండీ," అంది ప్రియదర్శిని. "పిల్లలు అది కూడా నేర్చేసుకుంటారు."

"చదువు చెప్పే తల్లివి. నీ ఒళ్ళె కాలు వెట్టి మొక్కకుంటె నాకు పాపం గాదా డాక్టరమ్మా?"

"నేనే పెట్టమంటున్నాను కదా!"

"పెట్టమన్న పాపం నీది. పెట్టిన పాపం నాది."

అయినా ప్రయత్నించింది. రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చుంది. కాలు దిగగానే తల వంగింది. ప్రియదర్శిని ఒడిలో మందపాటి తువాలు పరిచింది. లింగమ్మ తువాలుకు మొక్కింది.

"తువాలుకెందుకే పెద్దమ్మా?" అన్నాడు మల్లేశ్వర్.

"తువాలు ఎవరిదిరా? డాక్టరమ్మదే గద!"

ఆ రోజు ప్రిన్సిపాల్ వచ్చి చూసి, ఇదంతా ఎందుకు, కొత్తూరు నుంచి పోచమ్మ అనే పేషెంటు వస్తోంది, సోమవారం ఆమెతో తీసేయండి అని వెళ్ళిపోయాడు. లింగమ్మ బకెట్టు కింద పెట్టేసింది. ముత్తమ్మ ముఖం కళ్ళముందు కనపడింది, నవ్వుతూ.

ఇంటికెళ్ళి మొగుడు ఈశ్వరయ్యను స్టూలు మీద కూర్చోబెట్టి సాధన చేద్దామనుకుంది. ఆయన ఒడి దాకా కాలు లేచింది. ఆ పైన ఎంత బతిమాలుకున్నా ఒళ్ళోకి దిగనని మొరాయించింది. మొగుడి ఒళ్ళో కాలు పెట్టడం అంతకన్నా పెద్ద తప్పు కదా!

"నాకేమైతది, పెట్టరాదు," అన్నాడాయన.

"నీకేం గాదు. నాకే ఐతది," అని కాలు దించుకుని, ఫోను తీసింది. చెల్లెలితో గోడు చెప్పుకుందామంటే బాలెన్సు లేదు. వీధి చివర డబ్బా దగ్గరికి కుంటుకుంటూ వెళ్ళి రీచార్జ్ చేయించుకుంది. నంబరు నొక్కబోతూ అక్కడే నిలబడిపోయింది. చెల్లెలికి ఫోను చేయకుండానే ఇంటికొచ్చింది.

సోమవారం పొద్దున పోచమ్మ ఇంకా రాకముందే లింగమ్మ బల్ల దగ్గర నిలబడి ఉంది.

"డాక్టరమ్మా, జర కూసో." ప్రియదర్శిని కూర్చోగానే వంగి ఆమె మోకాలు తాకి కళ్ళకద్దుకుంది. మళ్ళీ తాకింది. మళ్ళీ. మళ్ళీ.

"ఏం చేస్తున్నారండీ?"

"రీచార్జ్. ఎన్నిసార్లు కాలు తాకుతదో అన్నిసార్లు ముందుగల్నే మొక్కుతున్న. ఇగ మాట్లాడినంత సేపు మాట్లాడుకోవచ్చు."

"ఒకటి రెండు ఎక్కువ ఎయ్యి పెద్దమ్మా, విమానం అడ్డమొస్తె మళ్ళ తియ్యాలె," అన్నాడు మల్లేశ్వర్. లింగమ్మ ఇంకో రెండు వేసింది.

ఆ రోజు ఆమె చెయ్యి బల్ల అంచు మీదనుంచి కదల్లేదు. మోకాలు చాపింది, ఆపింది, దించింది. ముఖంలో అప్పు లేని మనిషి ధీమా. వ్యాయామం ముగిసి ప్రియదర్శిని సంతోషంగా లేచింది. లేవడంలో ఆమె కాలు లింగమ్మ పాదానికి తగిలింది. ఆలోచించకుండానే ప్రియదర్శిని వంగి, లింగమ్మ పాదాన్ని తాకి, కళ్ళకద్దుకుంది.

ఆ చివరి ముక్క తీసేయడం మల్లేశ్వర్ మరిచిపోయాడు. వీడియో అలాగే వెళ్ళిపోయింది. తెలిశాక ప్రియదర్శిని రెండు రోజులు సరిగా అన్నం తినలేదు.

ఐర్లాండు ఆయన జవాబులో ఒక్క తప్పూ లేదు. వీడియో తరగతిలో వాడుకోవచ్చన్నాడు. కింద ఇంకో మాట కలిపాడు: "ఇప్పుడు అర్థమైంది. చికిత్స ముగిశాక రోగికి ఇలా గౌరవం చూపడం చాలా బాగుంది. మిగతా వీడియోలన్నిటిలోనూ తప్పక ఉంచగలరు."

ముత్తమ్మ కాలేజీకి వచ్చి, తెర మీద వదినె కాళ్ళు మొక్కుతున్న డాక్టరమ్మను చూసి, తన మోకాలు ఒకసారి తడిమి చూసుకుంది.

ఆ తర్వాతి వారం మెడ నొప్పి వీడియో. మోకాలితోపాటు మెడ కూడా పట్టేసిన పోచమ్మ బల్ల మీద కూర్చుంది. వ్యాయామం బాగా నడిచింది. ప్రియదర్శిని చెమట తుడుచుకుని లేవబోయింది.

కెమెరా వెనక నుంచి, చేతిలో బకెట్టుతో లింగమ్మ అంది:

"డాక్టరమ్మా, మొక్కుడు మర్చిపోయినవ్."