మామ తోమనివ్వని దబర

నేను చదివింది అయిదో తరగతి వరకే. అక్షరాలు వంకరగా ఉంటాయి, తప్పులూ ఉంటాయి. మన్నించండి. మా మామగారు సోమవారం పొద్దున, కాఫీ గ్లాసు చేతిలో ఉండగానే కన్నుమూశారు. ఏడవాల్సిన వారమే ఇది. అయినా మా సూళగిరి ఇంటి వంటగిన్నె, దబర ఒకటి చంద్రుడి పనికి అక్కరకొచ్చిందని చెప్పాలని మనసు ఒకటే ఆరాటపడుతోంది.

మామ హోసూరులో ఒక చిన్న షెడ్డులో ఫిట్టరు. ఏది చేసినా అద్దంలా మెరిసేదాకా రుద్దేవారు. "మెరవకపోతే పని అయినట్టు కాదమ్మా" అనేవారు. ఇంటి తలుపు గొళ్లెం కూడా వదిలేవారు కాదు.

చంద్రుడి మీద మన్ను కాల్చి నీళ్లు తీసే మిషన్‌కు నమూనా చేసే పని ఆ షెడ్డుకు వచ్చింది. సంగటి తింటూ ఆయన అత్తకు చెబుతుంటే తలుపు చాటున నిలబడి వినేదాన్ని.

"మన్ను కాలే చోట వేడి లోపలే ఉండాల. మోటారు వేడి మాత్రం బయటికి పోవాల. ఈడైతే గాలి మోసకపోతాది. ఆడ గాలే లేదే! అందుకని మోటారుకు ఒక రేకు తగిలించినాము. వేడంతా ఆ రేకులోనించి, కంటికి కనపడని వెలుగు మాదిరి ఆకాశంలోకి పోవాల."

ఆయుధపూజకు షెడ్డులో అన్నీ తుడిచి గంధం బొట్లు పెట్టారు. తర్వాత మిషన్ బెంగళూరు వెళ్లింది. గాలి తీసేసిన ట్యాంకులో పెట్టి నడిపితే గంటకే మోటారు కాలిపోయింది. డిజైన్ వేసిన కృష్ణగిరి అమ్మాయి తన లెక్కే తప్పని ఒప్పేసుకుందట.

"ఆ పాప ఉద్యోగం పోతాదేమో" అని మామ అన్నం ముట్టలేదు.

ఆ ఆదివారం అత్త చేనికి వెళ్లింది. రెండు దబరల్లో నీళ్లు మరిగించి దించాను. ఒకటి మసిది, ఒకటి తోమింది. సిగ్గు మింగుకుని మొదటిసారి ఆయనతో నేరుగా మాట్లాడాను.

"మామా, మసి దబర పక్కన చెయ్యి పెట్టండి. దూరంనుంచే సెగ కొడతాది. తోమిందాంట్లోవీ అంతే కాగిన నీళ్లు, అయినా అంత సెగ రాదు. ఎప్పుడూ ఇంతే."

ఆయన అటూ ఇటూ చెయ్యి పెట్టి చూశారు. ముఖం పాలిపోయింది.

"అమ్మణ్ణీ, ఆ రేకు నల్ల పూతతో వచ్చినాది. మరకలనుకోని, పూజకని నేనే రుద్ది మెరిపించినాను."

"ఎవురికీ తెలీదు కదా మామా?"

"ఆ పాపకు తెలియాల కదమ్మా."

అప్పుడే ఫోన్ చేశారు. "పాపా, నీ లెక్క సరిగానే ఉండాది. చెడగొట్టింది నేను."  అవతలినుంచి ఏడుపూ నవ్వూ కలిసి వినిపించాయి. "బతికించినారు తాతా!"

రేకుకు మళ్లీ నల్ల పూత వేశారు. బెంగళూరు ట్యాంకులో ఈసారి మిషన్ పగలంతా ఆగకుండా నడిచింది. మామ బస్సు దిగి, మైసూరుపాకు పొట్లంతో వీధి మొదటినుంచే కేకలు వేశారు. "నడిచినాదమ్మా! మన దబర గెలిచినాది!"

ఆ దబరను ఇక తోమనివ్వలేదు. "మామకు రుద్దే పిచ్చి, కోడలికి మసి దాచే పిచ్చి. సరిపోయినారప్పా!" అని అత్త దెప్పేది. సంగతేమిటో ఆమెకు మేము చెప్పలేదు.

మొన్న చుట్టాలు వచ్చి ఇంట్లో సామానంతా తోమారు. ఆ ఒక్క దబరను మల్బరీ ఆకుల గంప కింద దాచాను.

చదివినాక ఈ కాగితం పొయ్యిలో వేసేయండి. నలుగురి నోట నా మాట పడటం నాకు సిగ్గు. పైన దబర ఉంటే దాని అడుగున కాస్త నల్లగా అంటుకుంటుంది. దాన్ని మాత్రం తోమకండి.