వేమూరులో బ్రేకులోకి ఎక్కిన గాలి

సుజాత గారూ, పోయిన వారం నేను పెట్టిన సైకిల్ ఫొటో కింద మీరు "బ్రేకాయిలు అయిపోయి ఉంటుంది, ఏ బైకు మెకానిక్కయినా రెండు చుక్కలు పోసేవాడు కదా" అని రాశారు. ఆయిలు అయిపోలేదు. ఒక్క చుక్క కారలేదు కూడా. రెండు చుక్కలు పోసేవాడు దొరక్క కాదు, దొరికినందుకే మాకు చెమటలు పట్టాయి. మీరూ మీ అబ్బాయీ వచ్చే నెల ఇదే దారిలో తెనాలి నుంచి రేపల్లె మీదుగా బాపట్ల వెళ్దామనుకుంటున్నారు కాబట్టి జరిగింది జరిగినట్టు రాస్తున్నాను. తప్పు ఎవరిదో కూడా రాస్తాను.

మా మనవరాలు హారికకు ఇరవై ఆరేళ్లు. కిందటేడు సైకిల్ మీంచి పడి కుడి మణికట్టు విరగ్గొట్టుకుంది. లోపల వేసిన ప్లేటు తీసి నాలుగు నెలలైంది. సైకిల్ తొక్కవచ్చని డాక్టరు చెప్పాడు. మళ్లీ అదే చేతి మీద పడితే మాత్రం ఈసారి అతుకుతుందని చెప్పలేనన్నాడు. హారిక మొదటి మాట విన్నది, వాళ్లమ్మ వసుంధర రెండో మాట విన్నది. ఇద్దరికీ మధ్య రాజీగా నేను ఆటోలో వెనకాలే వస్తానన్నాను. ముప్పై నాలుగేళ్లు కాలేజీలో ఫిజిక్స్ చెప్పిన మనిషి వెంట ఉంటే దానికేమీ కాదని మా అమ్మాయి నమ్మింది. ఆ నమ్మకానికి ఆధారమేమిటో నేనూ అడగలేదు.

డిసెంబరులో ఒక ఆదివారం ఉదయం పావు తక్కువ ఆరుకు తెనాలిలో బయల్దేరాం. ఆటో సాంబయ్యది. రోజంతటికీ, బాపట్ల నుంచి వెనక్కి రావడంతో కలిపి, రెండు వేల రెండు వందలకు మాట్లాడుకున్నాం. అతను నాకంటే పదేళ్లు చిన్న, అంతే. అయినా బేరం కుదిరిన క్షణం నుంచీ నన్ను మామ్మగారనే పిలిచాడు. వేమూరు దాకా రోడ్డు బాగుంది, మంచు పల్చగా ఉంది. ఏడు కావస్తుండగా సరిగ్గా ఊళ్లోకి రాగానే వెనక చక్రానికి మేకు దిగింది.

పంచర్ల కొట్టు తెరిచే ఉంది. కొట్టాయన సైకిల్ అందుకుని, మన వైపు అందరూ చేసినట్టే, సీటు మీదా హ్యాండిల్ మీదా తలకిందులుగా నిలబెట్టబోయాడు. "అలా తిప్పకండి, ఇవి ఆయిల్ బ్రేకులు" అని హారిక అడ్డం పడింది. చక్రం ఊడదీసి ఇస్తానంది. ఆయన నా వైపు చూశాడు. తలకిందులు చేయకుండా పంచర్ వేసిన మనిషిని నేను పుట్టాక చూడలేదనీ, చలిలో ఆయన్ని నిలబెట్టి పాఠం చెప్పొద్దనీ నేనే హారికను మందలించాను. అరగంట పైగా ఆ సైకిల్ కాళ్లు పైకెత్తుకుని నిలబడింది. యాభై రూపాయలిచ్చి బయల్దేరాం.

భట్టిప్రోలు దాటాక కాలవ మీద ఒక వంతెన వస్తుంది. ఎక్కేటప్పుడు తెలియదు గాని, దిగేవైపు రోడ్డు బాగా వాలుగా ఉంటుంది. ఈ కోతల రోజుల్లో ఆ దారిలో సగం రోడ్డు మీద వడ్లు ఆరబోసి, బండ్లు ఎక్కకుండా అంచున రాళ్లు పేరుస్తారు. మిగిలిన సగంలోకి ఎదురుగా గడ్డి ట్రాక్టరు వస్తోంది. హారిక వంతెన దిగుతోంది. వేగం తగ్గలేదు. అది ముందు బ్రేకు పట్టడం వెనక నుంచి నాకు కనిపించింది. మీట వేళ్లతో సహా వెళ్లి హ్యాండిల్‌కి ఆనుకుంది. మళ్లీ పట్టింది, మళ్లీ ఆనుకుంది. వెనక బ్రేకు ఒక్కటే ఆ వాలులో చాల్లేదు. హారిక రాళ్ల మధ్య సందులోంచి వడ్ల మీదకు తిప్పేసింది. వెనక చక్రం గింజల మీద జారి అడ్డం తిరిగింది. రెండు కాళ్లూ నేలకు రాస్తూ, కాళ్లతో వడ్లు తిరగేస్తున్న ఒకావిడకు మూరెడు దూరంలో ఆగింది. పడలేదు. కుడి చెయ్యి మాత్రం గుండెలకు హత్తుకుని ఉంది.

"ఏంటమ్మాయ్, రోడ్డంతా వదిలేసి నా వడ్లే దొరికినయ్యా తొక్కడానికి?" అని మొదలుపెట్టిందావిడ. హారిక ముఖం చూసి మాట మార్చేసి, తన మంచినీళ్ల సీసా ఇచ్చింది. నేను ఆటో దిగి వచ్చేసరికి హారిక మీటను మెల్లగా నొక్కి చూస్తోంది. తడిసిన స్పాంజిలా దిగిపోతోంది. తల ఎత్తకుండానే, "నేను వద్దన్నాను కదా అమ్మమ్మా" అంది. కేకలు వేసి ఉంటే నాకు తేలికయ్యేది.

దాని కోపం సంగతి తర్వాత, ముందు ఫిజిక్స్ అర్థమైంది. మీట దగ్గర చిన్న తొట్టిలో ఆయిలుంటుంది, దాని పైన కాస్త గాలి చేరుతుంది. సైకిల్ నిలువుగా ఉన్నంతకాలం ఆ గాలి అక్కడే పడుంటుంది. తలకిందులు చేస్తే బుడగలై గొట్టంలోకి ఎక్కుతుంది. ఆయిలు నొక్కితే కుదించుకోదు, గాలి కుదించుకుంటుంది. మన వేళ్ల బలమంతా ఆ బుడగను పిసకడానికే సరిపోతుంది, చక్రం దాకా చేరదు. ద్రవాల పీడనం గురించి ఏటేటా చెప్పిన పాఠమే ఇది.

సాంబయ్య సాయపడబోయి సైకిల్‌ను ఆటోలోకి అడ్డంగా తోయబోయాడు. ఇద్దరం ఒకేసారి అరిచాం. చివరికి ముందు చక్రం ఊడదీసి, సైకిల్‌ను నిలువుగా నా మోకాళ్ల మధ్య పట్టుకుని రేపల్లె చేరాను. దారిలో వసుంధర ఫోన్ చేసింది. పంచర్ పడిందని చెప్పాను. అది అబద్ధం కాదు.

రేపల్లె బస్టాండుకు కాస్త ఇవతల ఒక మోటారు సైకిళ్ల షెడ్డులో ఆపాం. అప్పటికి తొమ్మిదిన్నర. మెకానిక్ కోటేశ్వరరావు మంచి పనివాడు. పనివాళ్లకుండే తొందరా ఉంది. మేం చెప్పేది సగంలో ఉండగానే బైకులకు పోసే బ్రేకాయిల్ డబ్బా మూత తీశాడు. హారిక సైకిల్‌కి మినరల్ ఆయిలే పోయాలి, ఆ మాట మీట మీదే అచ్చేసి ఉంది. బైకుల ఆయిలు పోస్తే లోపలి రబ్బర్లు ఉబ్బి పాడైపోతాయి. పోసిన రోజు బాగానే పట్టి ఆ తర్వాత చెడగొడుతుంది, అదే ప్రమాదం.

"ఏదైనా ఆయిలే కదండీ మామ్మగారూ, నేను రోజుకు పది బండ్లకు పోస్తానండి" అన్నాడు.

"ఆముదమూ నూనే బాబూ. గారెలు అందులో వేయించుకుంటావా?"

డబ్బా మూత పెట్టేశాడు. నవ్వలేదు గాని, "సరే, ఏం కావాలో చెప్పండి" అన్నాడు. అక్కడి నుంచి పని హారికది, చెయ్యి ఆయనది. ఆయిలు పోసే చిన్న గరాటా, ఒక్క బుల్లి సీసా మినరల్ ఆయిలు హారిక సంచిలో ఉన్నాయి. కింది నుంచి ఆయిలు ఎక్కించడానికి మందుల షాపుకెళ్లి పెద్ద సిరంజి, సెలైన్ ట్యూబు, స్పిరిట్ సీసా తెచ్చాను. డాక్టర్లు నాలుక నొక్కి చూసే చెక్క పుల్లలు కూడా ఆరు తెచ్చాను. అన్నీ కలిపి నూట పది రూపాయలు. ఎవరికి బాగాలేదని షాపులో అడిగారు, సైకిల్‌కన్నాను.

బ్రేకు ప్యాడ్లు తీసి కాగితంలో చుట్టి దూరంగా పెట్టాం. వాటికి ఆయిలు అంటితే ఇక పారెయ్యడమే. ఆయిలు ఒత్తిడికి లోపలి పిస్టన్లు బయటికి తోసుకురాకుండా, ప్యాడ్లు ఉండే సందులో ఆరు పుల్లలూ కలిపి దూర్చాం. మీట దగ్గర మర తీసి గరాటా బిగించి, కింద చక్రం దగ్గరున్న మొనకు ట్యూబు తొడిగి, హారిక సిరంజి నొక్కింది. ట్యూబు జారిపోయింది. సీసాలో సగం ఆయిలు షెడ్డు నేల తాగేసింది. ఆ సీసా ఆ చుట్టుపక్కల ఎక్కడా దొరకదని మాకు తెలుసు. కోటేశ్వరరావు సన్నని రాగి తీగ తెచ్చి ట్యూబును మొనకు చుట్టి బిగించాడు. ఈసారి తనే "మెల్లగా అమ్మా, మెల్లగా" అంటూ స్పానరుతో కింది మరను అరచుట్టు వదిలాడు.

పైన గరాటాలో నేను కన్ను ఆనించి కూర్చున్నాను. చాలాసేపు ఏమీ రాలేదు. హారిక గొట్టం పొడుగునా వేలితో తడుతూ వచ్చింది. ఒక బుడగ వచ్చింది. ఆవగింజంత. తర్వాత నాలుగు, తర్వాత శనగగింజంత ఒకటి బుడుక్కున పైకొచ్చి పగిలింది. అంత చిన్నదాని మీద నాకు అంత కోపం ఎప్పుడూ రాలేదు. సిరంజిలో చివరి ఆయిలు ఉండగా బుడగలు ఆగాయి. మర బిగించి మీట పట్టి చూస్తే సగం దూరంలోనే రాయిలా ఆగింది. వెనక బ్రేకు గట్టిగానే ఉంది, దాని జోలికి పోలేదు. కోటేశ్వరరావు జిడ్డుగుడ్డతో డిస్కు తుడవబోతే చెయ్యి పట్టుకుని ఆపి, స్పిరిట్‌తో తుడిచాం. ఆయన నూట యాభై తీసుకున్నాడు, పుల్లలు ఎక్కడ దొరుకుతాయని అడిగి మరీ.

భోంచేసి, మీటను నిమిషం పాటు నొక్కి పట్టి, దిగిపోవడం లేదని రెండుసార్లు చూసుకుని రెండింటికి కదిలాం. ఆటో ఎక్కమని నేననలేదు. తొక్కుతానని అదీ అనలేదు. హెల్మెట్ పెట్టుకుంది, అంతే. చెరుకుపల్లి దాటినా నేను వెనక్కి ఆనుకుని కూర్చోలేదు. బాపట్ల ఇంకా నాలుగైదు కిలోమీటర్లుందనగా పొలంలోంచి ఒక గేదె రోడ్డెక్కింది. హారిక బ్రేకు పట్టింది. సైకిల్ ఆగింది. గేదె తీరిగ్గా దాటింది. "నిలబడిందండీ" అన్నాడు సాంబయ్య. అప్పుడు ఆనుకున్నాను.

అయిదున్నరకు బాపట్లలో టీ తాగుతూ వసుంధరకు ఫోన్ చేసి అంతా చెప్పాను, వేమూరులో ఎవరి మాట మీద సైకిల్ తిరగబడిందో దానితో సహా. "ఈసారి అది వద్దంటే వినమ్మా" అంది. క్లాసులో వెనక బెంచీ నుంచి ఎవరైనా "అలా కాదు మేడమ్" అంటే ముందు వాళ్లను కూర్చోబెట్టి ఆ తర్వాత ఆలోచించేదాన్ని. వాళ్లలో ఎంతమంది మాట నిజమో ఇప్పుడు లెక్క తేలదు. ఆ రోజు ఒకరిది తేలింది, అది కూడా వడ్లు ఆరబోసినావిడకు మూరెడు దూరంలో. తెనాలికి వచ్చేటప్పుడు సైకిల్‌ను ఎలా కట్టాలో సాంబయ్య నన్నడిగాడు. హారికను అడగమన్నాను.

సుజాత గారూ, మీరు ఈ సాయంత్రమే ఒక పని చేయండి. ముందు మీ అబ్బాయి సైకిల్ మీట మీద ఏ ఆయిలని రాసుందో కళ్లద్దాలు పెట్టుకుని చదివి, ఆయిలు పోసే గరాటా, ఆ ఆయిలే రెండు సీసాలు తెప్పించమనండి. ఒకటి ఒలకడానికి. తర్వాత మందుల షాపుకెళ్లి యాభై మిల్లీలీటర్ల సిరంజి ఒకటి, సెలైన్ ట్యూబు ఒకటి, స్పిరిట్ సీసా, నాలుక పుల్లలు ఆరు తీసుకోండి. సూది వద్దని చెప్పండి. అన్నీ ఒక సంచిలో వేసి, మూరెడు రాగి తీగ చుట్టిపెట్టి, సంచి మీ అబ్బాయి చేతికే ఇవ్వండి.