సాయంత్రం తలుపు తీసే ఇంటి కోసం హైదరాబాదు

నా కూతురు సుజాత మియాపూర్‌లో ఉంటుంది. ఈమధ్య దాని ఆఫీసును ఉప్పల్‌కు మార్చారు. పాత ఆఫీసు పక్కన పిల్లల్ని చూసుకునే చోటు ఉండేది, కొత్త దాని దగ్గర లేదు. మనవరాలు మేఘన రెండో తరగతి. బడి నాలుగింటికి వదిలితే తల్లి వచ్చేసరికి ఏడు. అల్లుడు కంపెనీ పని మీద ఊళ్ళు తిరుగుతుంటాడు. ఆ మూడు గంటలు పిల్ల ఎవరి దగ్గర ఉండాలన్నదే వాళ్ళ బాధ. ఉప్పల్ వైపు మారదామనుకున్నారు గాని ఏ పేటో తేల్చుకోలేకపోయారు. "నువ్వు మనుషుల్ని చూస్తావు గదమ్మా, ఒకసారి రా" అంది సుజాత.

గురజాలలో తెల్లవారకముందే ఆటో ఎక్కి నడికుడి చేరాను. పొద్దున్నే వచ్చే పల్నాడు బండికి జనరల్ టికెట్ తీసుకున్నాను. ఈ బండి మియాపూర్ పక్కనున్న లింగంపల్లిలో కూడా ఆగుతుంది కాబట్టి అటు వెళ్ళేవాళ్ళు సికింద్రాబాదులో దిగి తిప్పలు పడనక్కరలేదు. తినడానికి పులిహోర కట్టుకున్నాను. యాభై దాటాక అక్షరాలు నేర్చుకున్నాను కాబట్టి స్టేషన్ల బోర్డులు ఎవరినీ అడగకుండా చదువుకుంటూ పోయాను.

మిర్యాలగూడలో ఎక్కినావిడ నా సంచి పక్కకు జరిపి కూర్చుంది.

"ఏడికి పోతున్నవ్ పెద్దమ్మా?"

"బిడ్డకి అద్దిల్లు చూడటానికి."

"నీళ్ళు జూడు. మిగతాదంతా ఆళ్ళే జూపిస్తరు" అని పులిహోరలో సగం తినేసింది.

మర్నాడు ఆదివారం. ముందు ఘట్‌కేసర్ వైపు పెద్ద అపార్టుమెంటుకు వెళ్ళాం. ఉయ్యాలలు, పార్కు, ఈతకొలను, అన్నీ ఉన్నాయి. మేఘన ఉయ్యాల దిగనంది. నీళ్ళు కూడా బాగానే ఉన్నాయి. లిఫ్టులో ఒక అమ్మాయిని పక్క ఫ్లాటులో ఎవరుంటారని అడిగాను.

"తెలీదాంటీ. ఏమైనా కావాలంటే గ్రూపులో మెసేజ్ పెడతాం" అంది.

"గ్రూపు పిల్లకి తలుపు తీస్తుందా?" అన్నాను. సుజాత నా చెయ్యి గిల్లింది. తరువాత బోడుప్పల్‌లో చూసిన ఇంటి చుట్టూ మనుషులు బాగానే పలికారు గాని, మేమున్న కాసేపట్లోనే రెండు నీళ్ళ ట్యాంకర్లు వచ్చాయి. మనుషులున్నచోట నీళ్ళు లేవు, నీళ్ళున్నచోట మనుషులు లేరు. నాకు తల తిరిగింది.

మూడోది రామంతాపూర్‌లో, పాత కాలనీ. పైన ఇంటావిడ ఒక్కతే ఉంటుంది, కింద వాటా అద్దెకు. నీళ్ళకు లోటు లేదు. బడి వ్యాను గుమ్మం ముందే ఆగుతుంది. వీధి అరుగుల మీద ముసలివాళ్ళు కూర్చుని ఉన్నారు. సుజాత మొహం వెలిగింది. సాయంత్రాలు మేఘనను చూసుకుంటారా అని సుజాత పైన ఇంటావిడను అడుగుతుంటే నేను మెల్లగా వీధిలోకి నడిచాను.

మా వైపు పిల్లనివ్వాలంటే ముందుగా ఆ ఊరికి చెప్పకుండా వెళ్ళి, కిరాణాకొట్టులో, పంపు దగ్గర, ఆ ఇంటివాళ్ళ గురించి వాకబు చేస్తాం. దాన్ని ఎవరూ తప్పు పట్టరు. నేనూ అలాగే కొట్టతన్నీ, ఇస్త్రీ చేసేవాడినీ, అరుగు మీద ఇద్దరు ఆడవాళ్ళనీ అడిగాను. ఇంటావిడకి కోపమెక్కువా? చేతివాటం ఉందా? పిల్లల్ని కసురుతుందా?

మియాపూర్ తిరిగొచ్చి అన్నం తింటుంటే ఇంటావిడ ఫోన్ చేసింది. సుజాత విని, కంచం పక్కకు నెట్టింది.

"వీధంతా తిరిగి ఆవిడ గురించి అడిగావంటమ్మా. ఇల్లు ఇవ్వనంటోంది. మనమేమన్నా పిల్లనిస్తున్నామా ఆ ఇంటికి?"

"పిల్లనే గదమే ఇస్తున్నాం! రోజూ మూడు గంటలు."

నేనూ చెయ్యి కడుక్కున్నాను.

సోమవారం పొద్దున మెట్రో ఎక్కి, అమీర్‌పేటలో మారి, ఒక్కదాన్నే ఆవిడ దగ్గరికి పోయాను. తలుపు సగమే తీసింది.

"ఇంకా ఎవరినన్నా అడగాలా?" అంది.

"అడిగిన మాట నిజం అక్కయ్యా. మా వైపు అదే మర్యాద. మీరూ మా వాళ్ళ గురించి అడిగించుకోండి, తప్పేముంది?"

"నా గురించి ఏం చెప్పారు?"

"నోరు చానా చెడ్డదన్నారు. వానొస్తే మాత్రం పక్కిళ్ళ బట్టలు కూడా మీరే తీసి మడత పెడతారంట."

"నోరు చెడ్డదన్నది ఎవరు?"

"అది చెప్పను. రేపు వాళ్ళ మొహాలు మీరు చూడాలి గదా."

తలుపు వేసేసింది. అది అవునో కాదో తెలియక అలాగే తిరిగొచ్చాను.

మర్నాడు లింగంపల్లిలో తిరుగు బండి ఎక్కాను. నల్గొండ దాటాక సుజాత ఫోన్ చేసింది. "అమ్మా, ఇల్లిస్తానంది! వాళ్ళ తమ్ముడు మియాపూర్‌లోనే ఉంటాడంట. మన అపార్టుమెంటుకు పంపి అడిగించింది."

"ఏం చెప్పారే మన గురించి?"

"మూడేళ్ళనుంచి ఉంటున్నారు గాని ఎవరో తెలీదు, చప్పుడే వినపడదు అన్నారంట. అంతకంటే మంచివాళ్ళు దొరకరంది ఆవిడ. మేఘన సాయంత్రాలు పైన తన దగ్గరే ఉండొచ్చంది."

మంచిదేనమ్మా అన్నాను. పిల్లకి తలుపు తీసే మనిషి దొరికింది, నేను పోయిన పని అయింది. కానీ ఎదురింటివాళ్ళే 'వాళ్ళెవరో తెలీదు' అన్న ఇంటితో మా ఊళ్ళో వియ్యమందుకోం. అదే మాట హైదరాబాదులో నా కూతురికి ఇల్లు ఇప్పించింది. మూడేళ్ళు సుజాత ఎవరికీ తెలియకుండా ఎట్లా ఉందో, అందుకు నేను సంతోషపడాలో ఏమో అర్థం కాలేదు. ఇల్లు చూడబోయేవాళ్ళకి వాకబు చేయమనీ చెప్పలేను, వద్దనీ చెప్పలేను.

బండి కృష్ణ దాటుతోంది. ఎదురు సీటులో ఒకామె కిటికీలోంచి నీళ్ళు చూస్తోంది. ఏ ఊరని అడగబోయి నోరు మూసుకున్నాను. వంతెన అయ్యేదాకా ఆగగలిగాను.

"ఏ ఊరమ్మా మీది?" అన్నాను.