మిల్లీమీటరు మేష్టారు వేసిన మార్కులు

మా బాబాయి ఇరవై ఆరేళ్లు బాల నేరస్తుల హోమ్‌లో వడ్రంగం నేర్పాడు. పిల్లలు ఆయన్ని మిల్లీమీటరు మేష్టారనేవారు. స్టూలు కాలు వెంట్రుకవాసి తేడా వచ్చినా మళ్లీ కోయించేవాడు. గోడకు మేకు కొట్టమంటే పూటంతా కొలతలే తీస్తాడని పిన్ని నెత్తి కొట్టుకునేది. చూసిందే చెప్పాలి, కొలిచిందే రాయాలి. ఊహించి ఒక్క ముక్క మాట్లాడడు. ఆ మంచి గుణమే ఒక పిల్లవాడి కొంప ముంచింది.

ఆ పిల్లవాణ్ణి బొంగరం అనేవారు. పదిహేనో ఏట ఏదో గొడవలో ఒక దుకాణం కాపలాదారు చెయ్యి ఇనుప కడ్డీతో విరగ్గొట్టి హోమ్‌కి వచ్చాడు. చేసింది తప్పే, కాదని నేననను. మూడేళ్లలో బాబాయి దగ్గర సొంతంగా కుర్చీ చేసేదాకా వచ్చాడు. పద్దెనిమిది నిండగానే వాడు ఇంటికి వెళ్లాలా, పెద్దల జైలుకు వెళ్లాలా అన్నది పిల్లల కేసులు చూసే బోర్డు తేల్చాలి.

ఆ ఏడాదే ఒక డాక్టరమ్మ తన మనుషులతో వచ్చింది. ఇలాంటి పిల్లల్లో కొందరికి జాలి, భయం, పశ్చాత్తాపం తక్కువట, సైకోపతి లక్షణాలంటారట. వాళ్ల మెదడు నిర్మాణంలో ఏమైనా తేడా ఉందేమో చూడాలట. ముప్పైమంది తలలకు స్కానింగు తీశారు. ఒక్కో పిల్లవాడి గురించి ఒక ప్రశ్నల కాగితం, వాణ్ణి బాగా ఎరిగినవాళ్లు నింపాలి. ఆ లక్షణం లేదంటే సున్నా, కొంచెమంటే ఒకటి, పూర్తిగా అంటే రెండు. ఇదంతా పరిశోధనకే, పిల్లల ఫైళ్లలోకి పోదని మాటిచ్చారు.

బొంగరం కాగితం బాబాయి చేతికొచ్చింది. అందులో అడిగినవి ఇవీ: చేసిన తప్పుకు ఏడవడు, ఎదుటివాళ్ల బాధకు చలించడు, మొహంలో ఏ భావమూ కనపడనివ్వడు. బాబాయి కళ్లజోడు సర్దుకుని నిజాయితీగా ఆలోచించాడు. వాడు ఏడవగా తను చూశాడా? చూడలేదు. రెండు. ఇంకో రెండు. అలా వేసుకుంటూ పోయి కింద సంతకం చేశాడు.

ఎలా చూస్తాడండీ? ఆ హోమ్‌లో ఏడుపు నేరం. ములాఖత్ అయ్యి తల్లి వెళ్లిపోతుంటే ఏడ్చినవాడికి వచ్చే నెల ములాఖత్ రద్దు. ఒకడు మొదలుపెడితే గదంతా అందుకుంటుందని సూపరింటెండెంటు పెట్టిన నియమం. కొత్త పిల్లలకు ఆ సంగతి చెప్పి, మొహం కడుక్కోమని కొళాయి దగ్గరికి పంపేది మా బాబాయే. వాళ్ల మంచికే అనుకున్నాడు. మూడేళ్లు నోరు నొక్కిపెట్టి, ఆనక వీడికి గొంతే లేదని రాసిస్తే ఒళ్లు మండదా?

సూపరింటెండెంటు మాట తప్పి ఆ కాగితాన్నీ, వాడి మెదడులో తేడా ఉందన్న స్కానింగు రిపోర్టునూ బోర్డు ముందు పెట్టాడు. అక్కడి పెద్దాయన, లోపం మెదడులోనే ఉంటే ఇక మారేదేముందన్నాడు. బాబాయి పట్టుబట్టి డాక్టరమ్మను పిలిపించాడు. ఆవిడ వచ్చి మండిపడింది. ముప్పైమందినీ కలిపి చూస్తే సగటున కనిపించే తేడా అదనీ, దాన్ని పట్టుకుని ఒక్క పిల్లవాడు రేపు ఏమవుతాడో చెప్పడం కుదరదనీ, అసలా కాగితం ఇక్కడికి రావడమే అన్యాయమనీ చెప్పింది. అప్పుడు బాబాయి లేచాడు.

"అయ్యా, ఏడిస్తే మీ అమ్మని రానివ్వబోమని పిల్లలకు చెప్పింది మేమే. ఏడవడం లేదని మార్కులు వేసిందీ మేమే. నా కొలత తప్పు. ఆ కాగితం ఇటివ్వండి, కొట్టేస్తాను."

సంతకమయ్యాక మార్చడానికి వీల్లేదన్నాడు పెద్దాయన. బొంగరాన్ని లోపలికి పిలిచి, జైలుకు వెళ్లాలని చెప్పారు. వాడు చేతులు వెనక్కి కట్టుకుని, కళ్లు దించుకుని, తాము నేర్పినట్టే నిలబడ్డాడని చెప్పాడు బాబాయి. పెద్దాయన పక్కవాళ్లకు వాణ్ణి చూపించి, చుక్క రాలలేదు చూశారా అన్నాడట. సిగ్గుండాలి మనుషులకి.

వాడి తల్లి ఇస్త్రీ పని మానుకుని వచ్చి వరండాలో బల్ల మీద కూర్చుంది. సంగతి అప్పటికే తెలిసిపోయింది. బాబాయి వెళ్లి ఎదురుగా నిలబడ్డాడు.

"మీవాడికి జాలి లేదని రాసింది నేనేనమ్మా."

ఆమె బల్ల మీంచి లేచింది.

"మూడేళ్లూ నేను గేటు దాటి, మలుపు తిరిగాకే ఏడ్చాను మేష్టారూ. నన్ను చూస్తే వాడూ ఏడుస్తాడని. మరి నాకెన్ని మార్కులు వేస్తారు?"